పెద్దవారి జ్ఞాపకాన్ని మనమే చెడగొట్టకుండా అడగడం, రాసుకోవడం ఎలా?

పాలమూరు, నల్లగొండ పల్లెలలో చాలా భూమి పంచాయితీలు కాగితం కంటే మనిషి యాది మీదే ఎక్కువ నడుస్తాయి. ఎప్పుడో తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాకు, అంటే రిజిస్ట్రేషన్ లేని భూమి అమ్మకపు కాగితానికి, సాక్షిగా వేలిముద్ర వేసిన వ్యక్తి ఇప్పుడు డెబ్బై ఐదేళ్లు దాటిన తాత అయి ఉంటాడు. గెట్టు, అంటే పొలం హద్దు, ఎక్కడిదాకా అన్న ఒక్క మాట ఆయన నోటి నుంచి ఎలా వస్తే అన్నదమ్ముల పొత్తు అలా ఉంటుంది. అటువంటి మనిషి జరగని విషయాన్ని జరిగిందని గట్టిగా చెప్పినప్పుడు ఇంట్లో ఒకరు ఆయన కావాలని అబద్ధమాడుతున్నాడంటారు, మరొకరు మతిమరుపు జబ్బు మొదలైందంటారు. చాలాసార్లు ఈ రెండూ నిజం కావు. ఆయనకు అది నిజంగానే గుర్తుంది, కాకపోతే అలా జరగలేదు. ఇటువంటి తప్పుడు జ్ఞాపకాలు అన్ని వయసుల వారికీ వస్తాయి, వయసు మీదపడ్డాక మరికొంత సులువుగా వస్తాయి. వయసును మనం ఆపలేము గాని, విషయం మనసుకు ఎక్కే సమయంలో ఉండే ధ్యాస, దాన్ని తిరిగి అడిగే సమయంలో మనం వాడే మాట, ఈ రెండూ ఎక్కువగా ఇంట్లోవారి చేతుల్లోనే ఉన్నాయి. కింద చెప్పే పద్ధతి అంతా ఆ రెండింటి గురించే.

ముందుగా మీ మీదే పరీక్షించుకోండి

పెద్దవారి దగ్గరకు వెళ్లే ముందు ఈ చిన్న పరీక్షను మీరు చేసుకోవాలి, ఎందుకంటే తప్పుడు జ్ఞాపకం ఎంత నిజంలాగా అనిపిస్తుందో స్వయంగా చూడనివారు ఎదుటివారిని తొందరపడి తప్పుపడతారు. ఇంట్లో ఒకరిని ఈ పదాలను నిదానంగా, ఒక్కసారి మాత్రమే చదివి వినిపించమనండి: మబ్బు, ఉరుము, మెరుపు, చినుకు, గొడుగు, తొలకరి, బురద, తడి, వరద, కుంట, అలుగు, ముసురు. కాగితం పక్కన పెట్టి, కొద్ది నిమిషాలు వేరే ముచ్చట ఏదైనా మాట్లాడుకుని, ఆ తరువాత గుర్తున్న పదాలన్నీ రాయండి. రాసినవాటిలో ‘వాన’ ఉందేమో చూసుకోండి. ఆ పదం జాబితాలో లేదు. ఈ కొసను ఇక్కడ చదివేశారు కనుక మీకు ఆ వింత పూర్తిగా తెలియకపోవచ్చు; ఇది చదవని మరొకరి మీద చేసి చూస్తే తెలుస్తుంది.

ఈ పద్ధతిని 1959లో జేమ్స్ డీస్ మొదలుపెట్టగా, 1995లో హెన్రీ రోడిగర్, కాథ్లీన్ మెక్‌డెర్మాట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు మళ్లీ వెలుగులోకి తెచ్చారు. వారి మొదటి ప్రయోగంలో దాదాపు 40 శాతం సందర్భాలలో, రెండవ దానిలో 55 శాతం సందర్భాలలో, అసలు వినిపించని పదాన్ని విన్నట్టుగా రాశారు. రాసినవారు ముసలివారు కారు, కాలేజీ విద్యార్థులు. మనసు విన్న పదాలను ఒక్కొక్కటిగా మూటగట్టుకోవడంతో ఆగదు, వాటన్నిటి సారాన్ని కూడా పట్టుకుంటుంది. తిరిగి చెప్పేటప్పుడు వివరం దొరకని చోట సారం ముందుకు వచ్చి నిలబడుతుంది.

ఇదే పరీక్షను ఇలాంటి మరొక జాబితాతో, ఈసారి టీవీలో వార్తలు పెట్టి వాటిని కూడా వినడానికి ప్రయత్నిస్తూ చేయండి. నిజంగా విన్న పదాలలో చాలా జారిపోతాయి, వినని పదం మాత్రం అదే లెక్కన తగ్గకపోవచ్చు. వయసు, ధ్యాస రెండూ కలిసే చోటు ఇదే. లారీ జాకోబీ, ఆయన సహచరులు 1989లో ఒక ప్రయోగం చేశారు. ఎవరికీ తెలియని మామూలు మనుషుల పేర్లను యువకులతో చదివించి, తరువాత వాటిని ప్రసిద్ధుల పేర్లతో కలిపి చూపించి, వీరిలో పేరున్నవారెవరని అడిగారు. ధ్యాస రెండు పనుల మధ్య చీలినవారు మామూలు పేర్లను కూడా ప్రసిద్ధుల పేర్లని చెప్పారు. ఎక్కడో విన్నామన్న పరిచయం మిగిలింది గాని, ఎక్కడ విన్నామన్నది మిగలలేదు. మరుసటి సంవత్సరం జేన్ డైవాన్‌తో కలిసి జాకోబీ ప్రచురించిన పరిశోధనలో వృద్ధులు కూడా ఇదే తప్పు చేశారు. ధ్యాస చెదిరిన యువకుడు, వయసు పైబడిన మనిషి ఒకే చోట తడబడ్డారన్నమాట. పెద్దవారిని విసుక్కునే ముందు, ఫోను చూసుకుంటూ అమ్మ చెప్పిన మాట విన్న రోజు మనకు ఏం గుర్తుందో తలచుకోవడం మంచిది.

పెద్దవారి మీద మాత్రం ఈ పరీక్షను నలుగురి ముందు చేయవద్దు. అది పరీక్షగా ఉండదు, అవమానంగా మిగులుతుంది.

చెప్పేటప్పుడే సరిగా ఎక్కేలా చెప్పండి

ముఖ్యమైన విషయం, అంటే బ్యాంకు పని, మందుల మార్పు, అప్పు ఇచ్చిన సంగతి, పెళ్లిమాటలు, పెద్దవారికి చెప్పవలసి వచ్చినప్పుడు పొద్దున పూట చెప్పండి. చాలామంది వృద్ధులకు ఉదయం మనసు తేటగా ఉంటుంది, సాయంత్రానికి అడ్డు వచ్చే ఆలోచనలను పక్కకు నెట్టే శక్తి తగ్గుతుంది. టీవీ కట్టేయండి. వెనుక నుంచి గాని, వంటింట్లో నుంచి అరిచి గాని చెప్పకుండా, ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా చెప్పండి. వినికిడి తగ్గినవారు మాటను పట్టుకోవడానికే సగం శక్తి ఖర్చు చేస్తారు, ఇక దాన్ని దాచుకోవడానికి మిగిలేది తక్కువ. అందుకే చెవి పరీక్ష, సరైన కళ్లద్దాలు కూడా జ్ఞాపకానికి చేసే వైద్యంలో భాగమేనని నేను అనుకుంటాను. ఒకసారికి ఒక్క సంగతి మాత్రమే చెప్పండి. నలుగురు పిల్లలు నాలుగు వైపుల నుంచి ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా చెప్పిన తరువాత, ఎవరు ఏమన్నారో గుర్తులేదని ఆ ముసలమ్మను అనడం న్యాయం కాదు.

విషయంతో పాటు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి కూడా ముడివేసి చెప్పాలి. వయసుతో ముందుగా సడలేది ఆ ముడి. ‘డబ్బులు ఇచ్చారు’ అన్నది నిలుస్తుంది, ‘చిన్నోడు ఇచ్చాడా, పెద్దోడు ఇచ్చాడా’ అన్నది జారుతుంది. కనుక ‘పైసలు ముట్టినయి’ అని ఊరుకోకుండా, ‘ఇయ్యాల సోమవారం, అరుగు మీద, చిన్నోడు ఐదు వేలు నీ చేతికిచ్చిండు’ అని చెప్పి, ఆ మాటనే వారిని తమ సొంత మాటల్లో తిరిగి చెప్పమనండి. అవును, సరే అని తల ఊపించుకోవడం తిరిగి చెప్పించుకోవడం కాదు.

మందుల విషయం వేరుగా చూడాలి. రోజూ ఒకేలా చేసే పనిలో నిన్నటి జ్ఞాపకం ఈరోజుదిగా అనిపించడం తేలిక. వేసుకోవాలని అనుకున్నది వేసుకున్నట్టుగా కూడా మిగిలిపోతుంది. బీపీ గోళీ రెండుసార్లు పడడానికీ, ఒక్కసారి కూడా పడకపోవడానికీ ఇదే కారణం. గోళీ ‘వేసుకున్నావా’ అని అడిగితే జవాబు నమ్మకంగానే వస్తుంది, కాని దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పాల లెక్క రాసే గోడ క్యాలెండరు ఎలాగూ ఉంటుంది గనుక దాని మీదే, గోళీ మింగి నీళ్లు తాగిన వెంటనే, ఆ తేదీ గడిలో పెన్నుతో గీత పెట్టించండి. పొద్దుటి గోళీకి గడిలో పైన, రాత్రి గోళీకి కింద. ముందే గీత పెట్టి తరువాత మింగుదామనే అలవాటు పడితే మాత్రం ఈ ఏర్పాటు పనికి రాదు.

అప్పులు, మిత్తి, చిట్టీ విషయాలలో చెప్పవలసింది ఒక్కటే. అదే రోజు రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం లేదా వేలిముద్ర పెట్టాలి; బంధువుల మధ్య ఇది మర్యాద కాదనుకునేవారే తరువాత మాటలు పడతారు.

అడిగే పద్ధతి

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అదీ మనకు తెలియకుండా జరుగుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కార్లు గుద్దుకునే చిన్న ఫిల్మ్ చూపించి, 50 మందిని ‘కార్లు తగిలినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని, మరో 50 మందిని ‘కార్లు నుజ్జయ్యేలా ఢీకొన్నప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. వారం తరువాత, పగిలిన అద్దం చూశారా అని అందరినీ అడిగితే, తగిలినప్పుడు అన్న మాట విన్నవారిలో 7 మంది, ఢీకొన్నప్పుడు అన్న మాట విన్నవారిలో 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు. ప్రశ్నలోని ఒక్క క్రియాపదం వారం రోజుల్లో కళ్లారా చూసిన దృశ్యంగా మారింది.

ఇప్పుడు మన అరుగు మీదకు రండి. మనవడు కాగితం పట్టుకుని కూర్చుని, ‘తాతా, ఆ దినం పట్వారి పక్కన కూసొనే రాసిండు గదా, గెట్టు చింతచెట్టు దాకా అన్నరు గదా?’ అని అడుగుతాడు. తాత కొంచెం ఆగి, ‘ఆఁ, అవును బిడ్డా, చింతచెట్టు దాకనే’ అంటాడు. రెండు వారాలకు అదే తాత, ఎవరూ అడగకుండానే, పట్వారి ఎక్కడ కూర్చున్నదీ, చింతచెట్టు నీడ ఎటు పడ్డదీ కూడా చెప్పగలడు. తాత అబద్ధమాడలేదు. చింతచెట్టును అక్కడ నాటింది మనవడు.

అదే మనవడు ఏం చేయవలసిందో వరుసగా చెబుతాను. ముందు తాతను ఒంటరిగా కూర్చోబెట్టుకోవాలి. అన్నదమ్ములు, కోడళ్లు, ఎదుటి పక్షం వారు ఉన్న చోట అడగకూడదు, ఎందుకంటే ఒకరి మాట మరొకరి జ్ఞాపకంలోకి ఎక్కుతుంది. 2003లో ఫియోనా గాబర్ట్, ఆమె సహచరులు చేసిన ప్రయోగంలో, ఒకే ఘటన చూశామనుకుని నిజానికి వేరువేరు కోణాల నుంచి తీసిన వీడియోలు చూసి, తరువాత ఇద్దరిద్దరుగా మాట్లాడుకున్నవారిలో 71 శాతం మంది, తమ వీడియోలో కనిపించని వివరాన్ని ఒక్కటైనా తమ జ్ఞాపకంగా చెప్పారు. ఆ ప్రయోగంలో పడుచువారు, పెద్దవారు ఇద్దరూ సమానంగానే పడిపోయారన్నది గమనించదగినది. ఊరి పెద్దమనుషుల మధ్య కూర్చోబెట్టి సాక్షులందరినీ ఒకేసారి అడిగే మన అలవాటు వల్ల ఏకాభిప్రాయం దొరకవచ్చు, నిజం దొరుకుతుందన్న హామీ లేదు.

ఒంటరిగా కూర్చున్న తరువాత, విషయాన్ని కాక ఆ రోజును గుర్తు చేయమనాలి. ‘తాతా, ఆ దినం పొద్దుగాల లేసిన కాడికెళ్లి ఏం జరిగిందో చెప్పు, నీకు యాదికున్నంతనే చెప్పు, లేనిది లేదను’ అంటే చాలు. ఏ కాలం, ఎండా, వానా, ఎవరి ఇంటి ముందు, ఏం తిన్నారు అన్నవి ఆయనే చెప్పుకుంటూ పోతే అసలు విషయం వాటి వెంట వస్తుంది. మధ్యలో ఆగితే మీరు ఆగండి. ఆ మౌనాన్ని భరించలేక మనం అందించే మాటే సాధారణంగా తప్పుడు జ్ఞాపకానికి విత్తనమవుతుంది. ఆయన పూర్తిగా చెప్పేశాక మాత్రమే చిన్న ప్రశ్నలు వేయాలి, అవీ ఆయన నోట వచ్చిన మాటల మీదే వేయాలి. ఆయన చెట్టు అన్నాడనుకోండి, ‘ఏ చెట్టు?’ అని అడగవచ్చు, ‘చింతచెట్టా?’ అని అడగకూడదు.

తరువాతి ప్రశ్న అన్నిటికంటే విలువైనది. ప్రతి ముఖ్యమైన మాట దగ్గరా, ‘ఇది నువ్వు కండ్లతోని సూసినవా, ఎవరన్న చెప్తె ఇన్నవా, అట్లనే అయి ఉంటదని అనుకుంటున్నవా?’ అని నెమ్మదిగా అడగండి. ఇందాక చెప్పిన పేర్ల ప్రయోగాన్నే 1995లో క్రిస్టీ మల్ట్‌హాప్ మరో రకంగా చేశారు. పేరున్నవారా కాదా అని మాత్రమే అడిగినప్పుడు తప్పు చేసిన వృద్ధులు, ఈ పేరు ఇక్కడ చదివినదా, నిజంగా ప్రసిద్ధమైనదా, కొత్తదా అని మూలాన్ని విడదీసి చెప్పమన్నప్పుడు ఆ తప్పు చేయలేదు. అంటే వివరం పూర్తిగా పోలేదు, దాని కోసం వెతకమని ఎవరూ అడగలేదు. రాసుకునేటప్పుడు ఒక్కొక్క వాక్యం పక్కన చూసినది, విన్నది, అనుకున్నది అని గుర్తు పెట్టుకోండి. పెద్దవారు ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేయండి, మొదటిసారి చెప్పినదాన్నే భద్రపరచండి. పదిసార్లు చెప్పించిన కథలో నమ్మకం పెరుగుతుంది, నిజం మాత్రం పెరగదు. పాత ఫోటోలను కూడా చివరకే చూపాలి. ఫోటో నిజమైనదే అయినా, దాని చుట్టూ జరగని సంగతులను ఊహించుకోవడానికి అది ఆధారంగా మారుతుందని ప్రయోగాలలో తేలింది.

తేదీలను ఊరి చరిత్రతో సరిచూడండి

పెద్దవారు సంవత్సరం చెప్పరు, సంఘటన చెబుతారు. అదే మేలు. ‘సాగర్ నీళ్లు వచ్చిన కొత్తల’ అంటే కాలువలకు నీరు వదిలిన 1967 ప్రాంతం. పోలీసు చర్య అంటే 1948 సెప్టెంబరు. అలంపురం వైపు ‘పెద్ద వరద’ అంటే చాలామందికి 2009 అక్టోబరు. ఇవి ముందు వారినే చెప్పనివ్వాలి, మీరు ఎంచి ఇవ్వకూడదు.

కథనంలో కాలానికి పొసగని మాట దొర్లితే అక్కడ ఆగి చూడండి. పట్వారీ పదవిని 1984లో రద్దు చేశారు, మండలాలు 1985లో ఏర్పడ్డాయి, నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేట వంటి జిల్లాలు 2016 అక్టోబరులో వచ్చాయి. 1978లో మండలాఫీసులో కాగితం ఇచ్చామని ఎవరైనా అంటే మొత్తం అబద్ధమని తేల్చేయవద్దు. తాలూకా కచేరి అనవలసిన చోట నేటి పేరు చొరబడి ఉండవచ్చు, లేదా రెండు వేరు వేరు రోజులు ఒకటిగా కలిసిపోయి ఉండవచ్చు. ‘ఆ ఆఫీసు మెట్లెక్కి పోయినవా, ఊళ్లెనే ఉండెనా?’ వంటి ప్రశ్నతో ఏది జరిగిందో చాలాసార్లు తేలుతుంది. ఆ తరువాత ఖాస్రా పహాణీ, సేత్వారు, ఆయా సంవత్సరాల పహాణీ వంటి పాత భూమి రికార్డుల నకళ్లు తీయించి పక్కన పెట్టుకోవాలి. జ్ఞాపకాన్ని కాగితం ఎక్కడ వెతకాలో చెప్పే దారిగా వాడుకోండి, కాగితానికి బదులుగా వాడవద్దు.

సరిదిద్దేటప్పుడు తప్పును మళ్లీ మళ్లీ పలకవద్దు

ఒక తప్పుడు విషయాన్ని ‘అది అబద్ధం, అది అబద్ధం’ అని పదేపదే చెప్పడం వృద్ధుల విషయంలో ఎదురు తిరుగుతుంది. ఇయాన్ స్కర్నిక్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఒక మాట అబద్ధమని ఎక్కువసార్లు విన్న వృద్ధులు, మూడు రోజుల తరువాత దాన్ని నిజమని గుర్తుపెట్టుకునే అవకాశం మరింత పెరిగింది. మాట చెవికి పరిచయమవుతుంది, దానికి తగిలించిన ‘కాదు’ ఊడిపోతుంది. కనుక ఏదో ఆకు రసం తాగితే షుగర్ గోళీలు మానేయవచ్చని వాట్సాప్‌లో వచ్చిందని అమ్మ అంటే, ఆ ఆకు పేరు ఎత్తకుండా, ‘షుగర్ గోళీ రోజు ఏస్కోవాలె, డాక్టర్ చెప్పిందాకా ఆపొద్దు’ అని సరైన మాటనే చెప్పండి, మరునాడు కూడా దాన్నే చెప్పండి.

ఇంట్లో చిన్న చిన్న విషయాలలో, ఏ సంవత్సరం జాతరకు ఎవరు వచ్చారన్న వాటిలో, అసలు సరిదిద్దకపోయినా నష్టం లేదు. మన్యంకొండ తేరుకు మేనత్త వచ్చిందో రాలేదో తేల్చడానికి ఎనభై ఏళ్ల మనిషిని ఏడిపించే కొడుకుల మీద నాకు గౌరవం లేదు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి

ఇంతవరకు చెప్పినదంతా మామూలు వయసుతో వచ్చే మార్పుల గురించి. గంటల్లో, రోజుల్లో మనిషి మాట మారిపోయి, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటే అది అత్యవసరం. మూత్రంలో ఇన్ఫెక్షను, జ్వరం, ఒంట్లో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు వంటివి దానికి కారణం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. నెలల తరబడి మెల్లగా పెరుగుతూ, తెలిసిన చెలక దారి తప్పడం, తాను పెట్టిన వస్తువును కోడలు దొంగిలించిందని పదేపదే అనడం, ఖాళీలను ఏదో కథతో పూరించడం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. బి12 లోపం, థైరాయిడ్, వినికిడి లోపం, దిగులు జబ్బు వంటి సరిచేయదగినవాటిని వారు ముందు చూస్తారు.

మన ప్రాంతంలో తప్పక అడగవలసిన మరో విషయం కల్లు. పాలమూరు వైపు కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం వంటి మత్తు మందులు కలిపిన సంగతి ఎన్నోసార్లు బయటపడింది. ఈ మందులు కొత్త విషయాలు మనసుకు ఎక్కడాన్నే దెబ్బతీస్తాయి. నిద్రగోళీలుగా వాడినా అంతే. ఏళ్లుగా తాగుతున్నవారిని ఇంట్లో ఒక్కసారిగా మాన్పిస్తే ఫిట్సు, తీవ్రమైన గందరగోళం రావచ్చు కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించాలి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా వృద్ధుల ధ్యాసను మందగింపజేస్తుంది.

వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న గోళీల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్నవి కూడా. ఏం మారిందో, ఎప్పటి నుంచో, ఎవరు గమనించారో ఒక కాగితం మీద రాసుకుని, అది పెద్దవారి ముందు చదవకుండా డాక్టరు చేతికి ఇవ్వండి. ప్రభుత్వ వృద్ధుల సహాయ నంబరు 14567, మానసిక సమస్యలకు టెలీ మానస్ నంబరు 14416. రెండింటికీ చేసే ఫోను ఉచితమే, తెలుగులో మాట్లాడవచ్చు.